ఇన్సులిన్‌తో విమానం ఎక్కేటప్పుడు

పోయిన ఏడాది ఫిబ్రవరిలో మా టీమ్ అయిదుగురం రోబోటిక్స్ పోటీకి ఢిల్లీ వెళ్ళాం. నాకది మొదటి విమాన ప్రయాణం. శంషాబాద్‌లో బోర్డింగ్ లైన్లో నిలబడ్డాం. గేటు దగ్గర సిబ్బంది ఒకాయన వచ్చి, "లోపల పై అరలు నిండిపోయాయి, ట్రాలీ బ్యాగులు కింద వేసేస్తాం" అంటూ నా బ్యాగ్‌కి ఒక ట్యాగ్ కట్టేశాడు.

ఆ బ్యాగ్‌లోనే నా ఇన్సులిన్ పెన్నులు రెండూ ఉన్నాయి. సూదులు, గ్లూకోమీటర్, స్ట్రిప్స్ అన్నీ అందులోనే. "ఒక్క నిమిషం సార్, మందులు తీసుకుంటా" అంటే పది సెకన్ల పని. కానీ అనలేదు. ఎందుకంటే నా వెనకాలే మా వాళ్ళు నలుగురూ ఉన్నారు. నాకు టైప్ 1 డయాబెటిస్ ఉన్న సంగతి వాళ్ళకి తెలియదు. ఇంటర్ మొదటి ఏడాదిలో బయటపడింది. అప్పటినుంచీ ఎవరికీ చెప్పకుండా నెట్టుకొస్తున్నా. హాస్టల్లో కూడా బాత్రూమ్‌లోకి వెళ్ళి ఇంజెక్షన్ వేసుకునేవాణ్ణి. రెండు గంటల ప్రయాణమే కదా, దిగగానే తీసుకోవచ్చులే అనుకున్నా.

ఢిల్లీలో బెల్టు మీద అందరి బ్యాగులూ వచ్చాయి, నాది రాలేదు. "రేపటికి వస్తుంది" అన్నారు. జేబులో రెండు చాక్లెట్లు తప్ప నా దగ్గర ఏమీ లేదు. రాత్రి భోజనం టైమ్ అవుతోంది. అప్పుడు చెప్పక తప్పలేదు.

మావాళ్ళు నన్ను ఒక్క మాట అనలేదు. అమ్మ వాట్సాప్‌లో డాక్టర్ చీటీ ఫొటో పంపింది. హోటల్ పక్కనున్న మెడికల్ షాపులో నేను వాడే రెండు రకాల ఇన్సులినూ ఉన్నాయి గానీ, పెన్నులో వేసే కార్ట్రిడ్జులు లేవు, బుడ్డీలే ఉన్నాయి. వాటితోపాటు పది సిరంజిలు, ఒక చవక మీటర్ కొనుక్కుని గదికి వచ్చాం. నేను సిరంజి విప్పుతుంటే ట్రిపుల్ ఈ చదివే మావాడు బుడ్డీ పట్టుకుని చూస్తూ, "ఒరేయ్, దీని మీద 100 అని ఉంది, సిరంజి మీద 40 అని ఉంది. ఇదేం యూనిట్ రా?" అన్నాడు. ఊరికే అడిగాడు, అంతే. కానీ ఆ ప్రశ్న అడక్కపోయి ఉంటే నేను ఈ వ్యాసం రాసేవాణ్ణో కాదో తెలియదు. ఎందుకో కింద చెప్తాను.

ఆగస్టు వస్తోంది. మన సీనియర్లు చాలామంది ఎంఎస్‌కి బయల్దేరతారు. వాళ్ళలో నాలాంటివాళ్ళు ఉండొచ్చు. కాన్వొకేషన్‌కని, పురుడు పోయడానికని అమెరికా వెళ్ళే అమ్మానాన్నల్లో, అమ్మమ్మల్లో షుగర్ ఉన్నవాళ్ళు ఇంకా ఎక్కువే. వాళ్ళ పెట్టె సర్దేది చివరికి మనమే. అందుకని నేను దెబ్బ తిని నేర్చుకున్నదీ, ఆ తర్వాత మా డాక్టర్ దగ్గర కూర్చుని అడిగి తెలుసుకున్నదీ ఇక్కడ పెడుతున్నా. ఎన్ని యూనిట్లు వేసుకోవాలో మాత్రం ఎవరి డాక్టర్ వాళ్ళకే చెప్పాలి. నేను చెప్పేది సర్దడం గురించే.

ఏ బ్యాగ్‌లో పెట్టాలి?

మన దగ్గర మూడు చోట్లుంటాయి. చెకిన్ చేసే పెద్ద సూట్‌కేసు, పై అరలో పెట్టే ట్రాలీ, కాళ్ళ దగ్గర పెట్టుకునే చిన్న సంచి. ఇన్సులిన్ ఉండాల్సింది మూడోదాంట్లో.

సూట్‌కేసులో ఎందుకు వద్దంటే, మొదటిది, అది మన వెంట రాకపోవచ్చు. రెండోది, కింద సామాను అరలో చలి ఎంత ఉంటుందో మన చేతిలో లేదు. ఇన్సులిన్ ఒక ప్రోటీన్, 51 అమైనో ఆమ్లాలున్న రెండు గొలుసుల జత. ఒకసారి గడ్డకడితే ఆ గొలుసుల మడతలు చెదిరిపోతాయి. మళ్ళీ కరిగాక చూడ్డానికి మామూలుగానే కనిపించొచ్చు, కానీ పనిచేస్తుందన్న నమ్మకం ఉండదు. గడ్డకట్టిందని అనుమానం వచ్చినా పారెయ్యాల్సిందే.

ట్రాలీలో ఎందుకు వద్దో నా కథే చెప్తోంది. విమానం నిండితే గేటు దగ్గరే లాగేసుకుంటారు. సీటు కింద పట్టే చిన్న సంచిని ఎవరూ అడగరు. పొరపాటున అడిగినా, "ఇందులో ఇన్సులిన్ ఉంది, నా దగ్గరే ఉండాలి" అని చెప్తే సరి. తోడు ఎవరైనా వస్తుంటే సామాను రెండు వాటాలు చేసి ఒకటి వాళ్ళ సంచిలో పెట్టండి. ఒక సంచి పోయినా రెండోది ఉంటుంది.

ఎంత పట్టుకెళ్ళాలి?

డాక్టర్లు చెప్పే లెక్క సింపుల్: అవసరమైనదానికి రెట్టింపు. ఒక ఉదాహరణ వేద్దాం. పది రోజుల ట్రిప్పు. భోజనానికి ముందు వేసుకునే ఇన్సులిన్ రోజుకి మూడుసార్లు కలిపి 24 యూనిట్లు, రాత్రి వేసుకునే బేసల్ 16 యూనిట్లు అనుకుందాం. పెన్నుతో ప్రతిసారీ వేసుకునే ముందు గాలి పోవడానికి 2 యూనిట్లు బయటికి వదలాలి. దీన్ని చాలామంది లెక్కలో మర్చిపోతారు.

భోజనం ఇన్సులిన్: 24కి 6 కలిపితే రోజుకి 30. పది రోజులకి 300, రెట్టింపు 600.
బేసల్: 16కి 2 కలిపితే 18. పది రోజులకి 180, రెట్టింపు 360.

3 మిల్లీలీటర్ల కార్ట్రిడ్జులో 300 యూనిట్లుంటాయి. కాబట్టి రెండు రకాలవీ రెండేసి చాలు. సూదులు రోజుకి నాలుగు చొప్పున 80. స్ట్రిప్స్ రోజుకి ఆరు అనుకుంటే 120. ప్రయాణంలో మామూలుకంటే ఎక్కువసార్లు చూసుకోవాలి కాబట్టి ఇక్కడ పిసినారితనం వద్దు. వీటితో పాటు ఒక స్పేర్ పెన్ను, మీటర్‌కి స్పేర్ బ్యాటరీ. పెన్ను కిందపడి విరిగితే కార్ట్రిడ్జులు ఎన్ని ఉన్నా ఏం లాభం? టైప్ 1 వాళ్ళు కీటోన్ స్ట్రిప్స్ కూడా పెట్టుకోవాలి.

ఎంఎస్‌కి వెళ్ళేవాళ్ళకి లెక్క వేరు. అమెరికాకి సొంత వాడకం కోసం తీసుకెళ్ళే మందులు సాధారణంగా మూడు నెలలకి మించకూడదు. చాలా రకాల ఇన్సులిన్‌కి అక్కడి డాక్టర్ చీటీ కావాలి, మన చీటీ అక్కడి షాపులో చెల్లదు. అంటే ఆ మూడు నెలల్లోపే యూనివర్సిటీ ఇన్సూరెన్స్ చూసుకుని, డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకుని, కొత్త చీటీ చేతికి తెచ్చుకోవాలి. వెళ్ళిన మొదటి వారంలోనే ఈ పని మొదలుపెట్టండి.

చల్లగా ఉండాలి, గడ్డకట్టకూడదు

వాడకం మొదలుపెట్టని ఇన్సులిన్‌ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య, అంటే ఫ్రిజ్‌లో ఉంచాలి. వాడుతున్నదాన్ని మామూలు గది చల్లదనంలో ఉంచొచ్చు. చాలా రకాలకి ఆ గడువు 28 రోజులు. కొన్నిటికి ఇంకా ఎక్కువ ఉంటుంది, పెట్టెలోని కాగితం చూసుకోవాలి. కాబట్టి ఒక రోజు ప్రయాణానికి కంగారు పడక్కర్లేదు. విమానం లోపల ఎలాగూ ఏసీ ఉంటుంది. అసలు ప్రమాదం మే నెలలో టాక్సీ డిక్కీ, ఎండలో నిలిపిన కారు.

కొందరు ప్రేమ కొద్దీ ఐస్ ప్యాక్ మధ్యలో పెన్నులు పెట్టి చుట్టేస్తారు. అది చాలా తప్పు. ఐస్ ప్యాక్ పెడితే మధ్యలో ఒక మందపాటి గుడ్డో తువ్వాలో ఉండాలి. ఐస్ ఇన్సులిన్‌ని నేరుగా తాకకూడదు.

ఐస్ లేకుండా చల్లగా ఉంచే సంచులు దొరుకుతాయి, ఫ్రియో లాంటివి. వాటి లోపలి గుళికలు నీళ్ళు పీల్చుకుని జెల్ అవుతాయి. ఆ నీరు నెమ్మదిగా ఆవిరవుతూ వేడిని లాక్కుంటుంది. ఒక గ్రాము నీరు ఆవిరవడానికి దాదాపు 2,400 జౌళ్ళు కావాలి. థర్మోడైనమిక్స్ క్లాసులో చూసిన బాష్పీభవన గుప్తోష్ణం ఇదే, మన కుండలో నీళ్ళు చల్లబడేదీ ఇలాగే. ఫ్రిజ్ లేని ఊళ్ళలో ఇన్సులిన్‌ని నీళ్ళ కుండలో దాచుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అయితే ఈ సంచిని గాలాడని డబ్బాలో పెడితే ఆవిరి బయటికి పోదు, చల్లబడదు. ఉక్కపోతగా ఉండే విశాఖ లాంటి చోట హైదరాబాద్‌లో కంటే తక్కువ పనిచేస్తుంది.

విమాన సిబ్బందికి ఇచ్చి ఫ్రిజ్‌లో పెట్టమనకండి. అక్కడ మరీ చల్లటి చోట పెడితే గడ్డకట్టొచ్చు. దిగేటప్పుడు మర్చిపోయే అవకాశం ఇంకా ఎక్కువ. హోటల్ ఫ్రిజ్‌లో కూడా ఫ్రీజర్ గోడకి ఆనించి పెట్టకూడదు.

సెక్యూరిటీ దగ్గర

నేనెక్కువ భయపడింది ఇక్కడే. సూదులు చూస్తే ఏమంటారో అని. నిజానికి వాళ్ళు రోజూ చూసేవే. పట్టుకెళ్ళాల్సినవి: డాక్టర్ ఇచ్చిన ఇంగ్లీషు లెటర్, అందులో జబ్బు పేరు, మందుల జనరిక్ పేర్లు, సూదులు అవసరమన్న మాట. ప్రిస్క్రిప్షన్ కాపీ. మందుల్ని షాపు లేబుల్ ఉన్న అసలు పెట్టెల్లోనే ఉంచాలి. స్థలం ఆదా అని విప్పేసి జిప్ కవర్లో పోసుకోవద్దు. ఈ కాగితాల ఫొటోలు ఫోన్లో, ఇంట్లోవాళ్ళ ఫోన్లో కూడా ఉండాలి.

అంతర్జాతీయ ప్రయాణాల్లో ద్రవాలకి 100 మిల్లీలీటర్ల పరిమితి ఉంది కదా, ప్రయాణానికి కావాల్సిన మందులకి అందులో మినహాయింపు ఉంటుంది. వాటిని చల్లగా ఉంచే జెల్ ప్యాక్‌లు కూడా మందుల కిందికే వస్తాయి. అయితే వాళ్ళు కనిపెట్టేదాకా ఆగకుండా ట్రేలో పెట్టేటప్పుడే మనమే చెప్పాలి. గల్ఫ్‌లో ఎక్కడైనా విమానం మారితే అక్కడ మళ్ళీ చెకింగ్ ఉండొచ్చు, కాబట్టి లెటర్ సూట్‌కేసులో ఉంటే లాభం లేదు.

ఇన్సులిన్ పంప్, చేతికి అంటించుకునే గ్లూకోజ్ సెన్సర్ ఉన్నవాళ్ళు తమ కంపెనీ మాన్యువల్ ముందే చదవాలి. చాలా పరికరాలకి మామూలు మెటల్ డిటెక్టర్‌తో ఇబ్బంది లేదు. సామాను ఎక్స్-రే, మనిషి మొత్తాన్ని చూసే బాడీ స్కానర్ వద్దని కొన్ని కంపెనీలు చెప్తాయి. అలాంటప్పుడు చేత్తో తనిఖీ చెయ్యమని అడగొచ్చు. పంప్‌కి, ఫోన్‌కి వాడే పవర్‌బ్యాంక్, విడి లిథియం బ్యాటరీలు చెకిన్ బ్యాగ్‌లో పెట్టకూడదు, చేతి సంచిలోనే ఉండాలి.

పైకి వెళ్ళాక గాలి ఏం చేస్తుంది?

విమానం 35 వేల అడుగుల ఎత్తున ఎగిరినా లోపలి పీడనం సుమారు 6 నుంచి 8 వేల అడుగుల ఎత్తులో ఉన్నట్టు ఉంటుంది. అంటే దాదాపు ఊటీలో ఉన్నట్టు. చిప్స్ ప్యాకెట్ ఉబ్బేది అందుకే. బాయిల్ సూత్రం ఇన్సులిన్ దగ్గర కూడా పనిచేస్తుంది.

బుడ్డీ వాడేవాళ్ళు ఇన్సులిన్ లాగే ముందు లోపలికి అంతే గాలి ఎక్కిస్తారు కదా. పైన ఉన్నప్పుడు బుడ్డీలో గాలి ఇప్పటికే వ్యాకోచించి ఉంటుంది కాబట్టి మామూలుగా ఎక్కించేదాంట్లో సగం చాలు. పెన్ను వాడేవాళ్ళు సూదిని పెన్నుకే ఉంచెయ్యకూడదు. పీడనం మారినప్పుడు మందు కారుతుంది, గాలి లోపలికి వెళ్తుంది. వేసుకున్న వెంటనే సూది తీసెయ్యాలి. మళ్ళీ వేసుకునేటప్పుడు కొత్త సూది, 2 యూనిట్లు వదిలి చూడ్డం. పంప్‌లో అయితే విమానం పైకి లేచేటప్పుడు ట్యూబులో బుడగలు ఏర్పడి కొంచెం ఎక్కువ మందు లోపలికి వెళ్ళొచ్చు. పైకి చేరాక ట్యూబ్ ఒకసారి చూసి బుడగలు తీసెయ్యాలి.

వాడిన సూదుల్ని సీటు ముందు అరలో దోపేసి రావద్దు. శుభ్రం చేసేవాళ్ళ చేతికి గుచ్చుకుంటుంది. గట్టి మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి పెట్టుకుంటే చాలు.

భోజనం, గడియారం

ఇంట్లో అమ్మ "వడ్డిస్తున్నా" అంటే అయిదు నిమిషాల్లో అన్నం వస్తుంది. విమానంలో ట్రాలీ కనబడినంత మాత్రాన రాదు. కుదుపులు మొదలైతే మధ్యలోనే వెనక్కి తీసుకెళ్ళిపోతారు. కాబట్టి భోజనం ట్రే మన ముందుకి వచ్చాకే ఇన్సులిన్ వేసుకోవాలి.

షుగర్ 70 కంటే తగ్గితే 15 గ్రాముల చక్కెర, 15 నిమిషాలు ఆగి మళ్ళీ చూడ్డం, ఇంకా తక్కువుంటే మళ్ళీ 15 గ్రాములు. మూడు టీస్పూన్ల గ్లూకోజ్ పొడి దాదాపు అంతే. నా జేబులో ఉన్న చాక్లెట్లు నిజానికి దీనికి మంచివి కావు, వాటిలో కొవ్వు ఉండటం వల్ల చక్కెర నెమ్మదిగా రక్తంలోకి వెళ్తుంది. గ్లూకోజ్ జేబులో, బిస్కెట్లు సంచిలో ఉండాలి. సీట్ బెల్ట్ సైన్ వెలిగినప్పుడు లేచి తీసుకోలేం.

హైదరాబాద్‌కీ డాలస్‌కీ వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు తేడా. పడమటికి వెళ్తే మన రోజు సాగుతుంది, ఇన్సులిన్ కొంచెం ఎక్కువ కావాల్సి రావొచ్చు. తూర్పుకి వస్తే రోజు కుంచించుకుపోతుంది, తక్కువ సరిపోవచ్చు. రాత్రి 10కి వేసుకునే బేసల్‌ని అక్కడి రాత్రి 10కి వేసుకోవాలా, ఇక్కడి 10కా? దీనికి జవాబు డాక్టర్ కాగితం మీద రాసివ్వాలి. టికెట్ టైమింగ్స్ పట్టుకుని నెల ముందే వెళ్ళి అడగండి. ఫోన్‌లో టైమ్ దానంతటదే మారిపోతుంది కాబట్టి ప్రయాణం అయ్యేదాకా ఒక చేతి గడియారాన్ని మన టైమ్‌లోనే ఉంచితే లెక్క తప్పదు.

40కీ 100కీ మధ్య

ఇప్పుడు ఢిల్లీ గది సంగతి. మన దేశంలో బుడ్డీల్లో మామూలుగా రెండు బలాల ఇన్సులిన్ దొరుకుతుంది. ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లు ఉండేది, 100 ఉండేది. 40 దానికి ఎర్ర మూత సిరంజి, 100 దానికి నారింజ మూత సిరంజి. సిరంజి మీద గీతలు ఆ బలానికి తగ్గట్టే వేస్తారు. షాపువాడు నాకిచ్చింది 100 బుడ్డీ, ఎర్ర మూత సిరంజి. నేను 10 గీత దాకా లాగితే వచ్చేది పావు మిల్లీలీటరు, అంటే 25 యూనిట్లు. రెండున్నర రెట్లు. అది వేసుకుని పడుకుంటే షుగర్ నిద్రలోనే పడిపోయేది.

1999లో మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ పోయిందీ ఇలాంటి తప్పుతోనే. ఒక టీమ్ పౌండ్లలో లెక్క ఇచ్చింది, ఇంకో టీమ్ న్యూటన్లు అనుకుంది. మనం క్లాసులో నవ్వుకునే కథ అది. ఆ రాత్రి నవ్వు రాలేదు. వెనక్కి వెళ్ళి నారింజ మూతవి తెచ్చుకున్నాం.

అమ్మమ్మలు చాలామంది వాడేది 40 బుడ్డీయే. అమెరికాలో అది దొరకదు, అక్కడ మామూలుగా ఉండేది 100. బుడ్డీ అయిపోయి అక్కడ కొంటే సిరంజిలు కూడా అక్కడివే కొనాలి. ఇక్కడినుంచి తెచ్చిన ఎర్ర మూతవి వాడకూడదు. ఇంకోటి: బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియాల్లో కొన్న మీటర్ మన అంకెలు చూపించదు. అక్కడ 6 అని కనబడితే భయపడక్కర్లేదు. 18తో గుణిస్తే మన లెక్కలో 108.

చివరిగా

బ్యాగ్ మర్నాడు మధ్యాహ్నం వచ్చింది. పోటీలో మూడో రౌండ్లో ఓడిపోయాం, అది వేరే కథ. తిరుగు ప్రయాణంలో స్పేర్ పెన్ను, గ్లూకోజ్ ప్యాకెట్ మా ట్రిపుల్ ఈ వాడి సంచిలో ఉన్నాయి. నేను కళ్ళు తిరిగి పడితే ఏం చెయ్యాలో మిగతా ముగ్గురూ నాతో రెండుసార్లు చెప్పించుకున్నారు. స్పృహ ఉంటే తీపి పెట్టాలి, స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకుండా వెంటనే సిబ్బందిని పిలవాలి.

అందుకే నా లిస్టులో మొదటి వస్తువు ఇన్సులిన్ కాదు. పక్కనున్నవాళ్ళకి ముందే చెప్పి ఉంచడం. ఆ తర్వాతే పెన్నులు, సూదులు, స్ట్రిప్స్, గ్లూకోజ్, లెటర్. మన కాలేజీలో నాలాగే దాచుకుని తిరుగుతున్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, విమానం ఎక్కేదాకా ఆగకండి. ఈ రోజు రాత్రే రూమ్మేట్‌కి చెప్పేయండి. నేనిప్పుడు బాత్రూమ్‌లోకి వెళ్ళడం లేదు, మెస్‌లో టేబుల్ దగ్గరే వేసుకుంటున్నా. మొదటి రెండు రోజులు చూశారు, ఆ తర్వాత ఎవరి ప్లేట్ వాళ్ళది.